పడమటి మబ్బుకు నేను పెట్టిన పేరు

ఆ రోజుల్లో నాకు రాని మంచి మాట లేదని నా గట్టి నమ్మకం. మంచి మాటంటే నీతి మాట కాదు. ఒక చోటు గురించో ఒక రోజు గురించో, ఇంతకన్నా మెరుగైనది దొరకదని చెప్పే మాట. అనుకూలం, అత్యంత అనుకూలం, ఆహ్లాదకరం, సర్వోత్తమం ఇలాంటివి నా జేబులో చిల్లరలా గలగలలాడుతుండేవి. కల్లూరు వైపు ఇళ్ల స్థలాలు అమ్మే ఒక చిన్న ఆఫీసులో కరపత్రాలు రాయడం నా ఉద్యోగం. మా యజమానిని అందరం పెద్దన్న అనేవాళ్లం. ఆయన స్థలం చూపించి అందులో ఉన్న లోపమేమిటో చెప్పేవాడు, నేను ఆ లోపానికి పేరు పెట్టేవాణ్ణి. గుండ్రాళ్లు తప్ప మట్టి కనిపించని నేల ‘దృఢమైన పునాదులకు అనువైన నేల’ అయ్యేది. బస్సు రాని చోటు ‘కాలుష్యానికి దూరం’ అయ్యేది. పక్కనే శ్మశానం ఉంటే ‘ప్రశాంత వాతావరణం’ అని రాసి, పైన ఒక పువ్వు బొమ్మ వేయించేవాణ్ణి. “నీ నోట్లో ఏముండాదప్పా, బండరాయి ఏసినా బెల్లమై బయటికొస్తాది” అని పెద్దన్న మెచ్చుకునేవాడు. దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను. (ఇప్పటికీ కొంచెం అలాగే అనిపిస్తుంది. ఆ దురద అంత త్వరగా పోయేది కాదు.)

అప్పుడే నాకు పెళ్లయింది. అత్తగారి ఊరు మైదుకూరు దాటాక వచ్చే ఒక నేత ఊరు. మామ నూలు చీరలు నేసేవాడు. మాటలు తక్కువ మనిషి. నేను పెళ్లిచూపుల్లో నా ఉద్యోగం గురించి చాలాసేపు వివరిస్తే, అంతా విని, “అంటే, స్థలాలు నువ్వు అమ్మవు, నువ్వు చెప్తావు” అన్నాడు. అంతకంటే సరిగ్గా నా ఉద్యోగాన్ని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ రోజు నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఈ మనిషి చేత ఎలాగైనా ‘మా అల్లుడు పనికొచ్చేవాడు’ అనిపించుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

దసరాకు ముందు అత్తగారింటికి పోయినప్పుడు ఆ అవకాశం దానంతట అదే వచ్చింది. నేతలో చీరకు నిలువుగా సాగే పోగుల్ని పడుగు అంటారు. మగ్గం ఎక్కించే ముందు దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెడతారు. ఒకరి పడుగుకు వీధిలోని వాళ్లంతా వచ్చి చెయ్యి వేస్తారు. దీనికి ఎండ కావాలి గానీ మండకూడదు, గాలి ఆడాలి గానీ కొట్టకూడదు, వాన మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. అందుకే తెల్లవారగానే మామ గడప బయట నిలబడి దిక్కులన్నీ చూసేవాడు. రోజు ఎంత గొప్పగా ఉన్నా ఆయన అనే మాట ఒక్కటే: “ఆరేట్టుండాది.” ఆ వీధిలో వాతావరణానికి అంతకు మించిన పొగడ్త లేదు. బాగుందని అంటే ఆకాశం వింటుందని వాళ్ల భయం.

ఆ వారమే మామకు కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి పట్టీ, రెండో కంటికి ఎప్పటి నుంచో మసక. ఆ పడుగు పండగ చీరలది. అది చెడితే చీరలు పండగకు అందవు, పండగ దాటితే వాటిని అడిగేవాడుండడు. మామ గడప మీద నిలబడి నన్ను పిలిచాడు.

“ఏమప్పా, నాకు ఆనడంల్యా. నువ్వు చూసి చెప్పు, ఎట్లుండాది?”

నేను ముందు ఫోను చూశాను. దానిలో కడప పేరు కింద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంది. “వాతావరణం అత్యంత అనుకూలంగా ఉండాది మామా. ఇట్లాంటి రోజు మల్లా దొరకదు” అన్నాను.

లోపల అత్త చేతిలోని చెంబు ఠక్కున కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“పడమటి దిక్కు చూడు. ఏమన్నా ఉండాదా?”

చూశాను. కొండ మీద ఒక మబ్బు ఉంది. నల్లగానే ఉంది. ‘నల్లమబ్బు’ అని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ మూడేళ్లుగా లోపాన్ని లోపమని చెప్పిన అలవాటు నాకు లేదు. “ఉండాది మామా. ఎండ మండకుండా సల్లగా నీడనిచ్చే మబ్బు” అన్నాను. (నేను అబద్ధం ఆడుతున్నానని నాకు తోచలేదు. కరపత్రం రాసేటప్పుడు కూడా ఎప్పుడూ తోచలేదు.)

“నీడకైతే మంచిదేలే” అన్నాడు మామ. మామ సరేనన్నాక ఆ వీధిలో ఇంకెవరూ ఆకాశం చూడరు. పడుగు వీధిలోకి వచ్చింది.

గంజి సగం పట్టించాక నీడనిచ్చే మబ్బు మా నెత్తిమీదికి వచ్చి, నీడతో ఆగలేదు. పది మంది కేకలు వేస్తూ కర్రలు పీకారు. “పట్టుకోప్పా, కింద పడనీయాకు!” అని ఎవరో పడుగు కొస ఒకటి నా చేతిలో పెట్టారు. గంజి తెల్లగా కారి కాలవలోకి పోతోంది. సరిగ్గా అప్పుడే ఎదురింటి రైతు, చెనిక్కాయ చేను వాన లేక ఎండిపోతోందని నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి, చొక్కా లేకుండా వానలోకి వచ్చి నిలబడ్డాడు.

“మంచి రోజని చెప్పినోడు ఎవురప్పా? వాని నోట్లో చక్కెర పొయ్య!”

“మా అల్లుడేలే” అంది అత్త, పడుగు చుడుతూ, ఎటూ చూడకుండా.

ఆయన నిజంగానే ఇంట్లోకి పోయి గుప్పెడు చక్కెర తెచ్చి నా నోట్లో పోశాడు. రెండు చేతుల్లో తడి పడుగు ఉంది గనక వద్దనడానికి వీల్లేకపోయింది. మింగేశాను. అంత తియ్యని అవమానం మళ్లీ జరగలేదు.

పడుగును నడవలో వేలాడదీశాక నా భార్య నా పక్కకు వచ్చి మెల్లగా, “నల్లగుండాది అంటే సరిపోతాండెనే. నిన్నెవరు అన్ని మాటలు చెప్పమనిండేది?” అంది. నేను మామ దగ్గరికి పోయి, క్షమాపణ అనే మాటకు ముందు రెండు విశేషణాలు చేర్చి మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “మాటలు సాలప్పా. ఈ పోగు పట్టుకో.” పట్టుకున్నాను. పొద్దుగూకే దాకా ఆయన తెగిన పోగుల్ని వేళ్లతో తడుముతూ అతుకుతుంటే, నేను కొసలు అందిస్తూ కూర్చున్నాను. “ఎట్లుండాది మామా?” అని చివరికి అడిగాను. “తడిసింది. శానా తెగినాయి. గంజి మల్లా పెట్టాల” అన్నాడు. అందులో కోపం వెతికాను, దొరకలేదు. ఉన్నదంతా అంతే.

రెండు రోజుల తర్వాత తెల్లవారగానే మామ మళ్లీ నన్నే పిలిచాడు. ఇంట్లో అందరూ పనులు ఆపి మా వైపు చూశారు. “పడమర?” అన్నాడు. చూశాను. “ఒక మబ్బు ఉండాది మామా. నల్లగుండాది. పిడికిలంత. వస్తాదో పోతాదో నాకు తెల్దు” అన్నాను. ఆయన “అయితే ఈ పొద్దు వద్దు” అని లోపలికి పోయాడు.

ఆ రోజు వాన రాలేదు. ఆ మబ్బు అటే పోయింది. మధ్యాహ్నానికి పడుగుకు అంతకన్నా మంచి ఎండ కడప జిల్లాలోనే లేదు. పండగ దగ్గర పడుతుంటే ఒక రోజంతా నా మూలంగా పోయింది. అన్నం ముందు తలెత్తలేకపోయాను. మామ సంగటి ముద్ద విరుస్తూ అన్నాడు: “ఏందప్పా, తినవేమి? నువ్వు చూసింది చెప్పినావు. వాన రాకపోతే అది వాన తప్పు.”

చీరలు ఆలస్యంగానైనా పండగకు అందాయి. ఆ తర్వాత నేను ఉద్యోగం మానేశానని రాస్తే బాగుండేది గానీ, మానలేదు, ఇంకా కొన్నేళ్లు కరపత్రాలు రాశాను. మామ కళ్లు బాగయ్యాయి. మళ్లీ నన్ను ఆకాశం చూడమనే అవసరం ఆయనకు రాలేదు. కానీ ఆ ఊరు పోయిన ప్రతిసారీ నేను ఆయనకంటే ముందే లేచి గడప బయట నిలబడతాను. ఆ రెండో తెల్లవారుజామున, కళ్లు చికిలించుకుని, ఒక పిడికెడు మబ్బుకు భయపడుతూ నిలబడిన కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పాపం, వాడు ఆకాశాన్ని నిజంగా చూడటం అదే మొదటిసారి.