వంద కాయిన్లు తక్కువ

సౌదీలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద లెవీ, అంటే నెలకు తలకింతని పన్ను, మొదలైన మరుసటి ఏడాది నన్ను ధహ్రాన్‌లో ఒక ఆన్‌లైన్ వీడియోగేమ్ స్టోర్ ఫిర్యాదుల విభాగానికి సూపర్‌వైజర్‌గా వేశారు. సౌదీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ లెక్క కుదరాలని ఫోన్లెత్తే పని సౌదీ యువతకు ఇచ్చారు. హిందీ, తెలుగు కాల్స్ మాత్రం నా నెత్తిన పడేవి.

మా స్టోర్‌లో ఏ వస్తువూ నేరుగా రియాళ్లకు రాదు. ముందు కార్డు కొని, గీకి, నంబరు కొట్టి, కాయిన్లుగా మార్చుకోవాలి. కార్డుకు వెయ్యి కాయిన్లు. అంతకన్నా చిన్నది లేదు. ఒక దేశపు కాయిన్లు ఇంకో దేశపు ఖాతాకు పోవు. ఇన్ని షరతులు పెట్టి దాన్ని వినోదం అనేవాళ్లం.

మేరీ హాయిల్ పట్టణంలో ఆస్పత్రి నర్సు, రాజమండ్రి మనిషి. లెవీ కట్టలేక భర్తనూ కూతురినీ ఇంటికి పంపేసింది. అప్పటినుంచి తల్లీకూతుళ్లు శుక్రవారాలు ఒక ఆటలో కలుసుకునేవారు. ఆమె ఫోన్ చేసిన వారం ఆటలో కొత్తగా ఒక దీవి తెరిచారు. పాప తన ఇండియా ఖాతాతో పడవ టికెట్ కొనుక్కుని దీవి చేరి, తల్లి కోసం చూస్తోంది. టికెట్ పదకొండు వందల కాయిన్లు. మేరీ దగ్గర వెయ్యే ఉన్నాయి.

“వంద కోసం ఇంకో కార్డు కొనాలాండి? ఇది కూడా లెవీయేనా?” అని ఫోన్లో అడిగింది. “జీతం పడేది వచ్చే వారమండి. అప్పటిదాకా దీవి ఉంటుందాండి?”

శుక్రవారంతో మూసేస్తారని చెప్పాల్సి వచ్చింది.

సూపర్‌వైజర్‌గా నేను ఉచిత కాయిన్లు వేయొచ్చు. కానీ కార్డు పనిచేయకపోతేనే. మా ముదీర్, అంటే మేనేజరు దగ్గరికి వెళ్లాను. మనిషి మంచివాడే. అంతా విని, “సిస్టమ్ సరిగ్గానే ఉంది. ఖలాస్, ఇక అంతే” అన్నాడు.

గడువు పెంచి ఉంటారేమోనన్న ఆశతో మేరీ జీతం పడగానే రెండో కార్డు గీకింది. దీవి లేదు. గీకిన కార్డు వాపసు తీసుకోం. అదే చెప్పాను. ఆమె కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

“పాప ఒడ్డున నిలబడి చాలాసేపు చూసిందంటండి. ఇప్పుడు శుక్రవారం ఆడదామంటే, హోంవర్కుంది మమ్మీ అంటోందండి” అని ఫోన్ పెట్టేసింది.

ఆ నెల రిపోర్టులో మేరీ మాకు మంచి కస్టమర్. రెండు కార్డులు కొంది, ఒక్క కాయినూ వాడలేదు. కార్డుకూ టికెట్టుకూ పొంతన లేకపోవడం ఎవరిదో పొరపాటని అంతవరకూ అనుకున్నాను. కాదు, కావాలనే అలా పెట్టారు. పొరపాటే అయితే దిద్దించి ఉండేవాణ్ణి.