ఒక్కచేతి మేత

చిన్నప్ప పాస్‌పోర్టు అతని ట్రంకుపెట్టెలోనే ఉంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. గల్ఫులో చిక్కుబడ్డ మనిషి అనగానే యజమాని బీరువాలో తాళం పడ్డ పాస్‌పోర్టు గుర్తుకొస్తుంది. అలాంటి కథలకు కొదవ లేదు గానీ చిన్నప్పది ఆ రకం కాదు. షహానియా దాటి, దుఖాన్ రోడ్డు మీంచి ఎడమకు మళ్ళి, మట్టిదారిన కాసేపు వెళితే ఓ పరుగుపందెం ఒంటెల దొడ్డి వస్తుంది. పదకొండేళ్ళుగా అక్కడ ఒంటెల్ని సాకుతున్నాడతను. తలుచుకుంటే ఏ రోజైనా పెట్టె సర్దుకుని వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వనిదల్లా ఒక నాలుగేళ్ళ ఆడ ఒంటె. పేరు గజాలా. నిజానికి ఆ పేరు కూడా దానిది కాదు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికి చెన్నై విమానంలో రెండు టికెట్లున్నాయి, ఒకటి అతనిది, రెండోది భార్య ఆంజనమ్మది. ఆమె తొమ్మిదేళ్ళుగా దోహాలో, అల్ ముంతజాలోని ఓ ఇంట్లో పనిమనిషి. ఒకే దేశంలో గంట దూరాన ఉంటూ ఆ మొగుడూ పెళ్ళాలు శుక్రవారాల్లో, అదీ సెలవు దొరికిన శుక్రవారాల్లో, పార్కు బెంచీల మీద కాపురం చేశారు. ఆమె కాంట్రాక్టు అయిపోయింది. ఇద్దరూ ఒకేసారి, మళ్ళీ రాకుండా, రాయచోటి వెళ్ళిపోవాలని మాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి చిన్నప్పకు ఎనిమిది రోజులే మిగిలాయి.

అసలు గజాలా వేరే. అది మొండిది. చిన్నప్ప చేతి మేత తప్ప ముట్టేది కాదు, అతను నాలుకతో టక్కుమనిపిస్తే తప్ప మోకాళ్ళు వంచేది కాదు. వరసగా మూడేళ్ళు పందేలు గెలిచింది. దాని పదకొండో ఏట ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయింది. దొడ్డి యజమానిని పనివాళ్ళు అర్బాబు అంటారు. ఆయన మూడు రోజులు అన్నం మానేశాడు. నాలుగో రోజు ఒక ప్రయోగశాలకు ఫోన్ చేశాడు. గజాలా చెవి చర్మం అంతకు ముందే అక్కడ మంచులో దాచి ఉంది.

చిన్నప్పకు ఈ వ్యవహారం మొదట్లో వింతగా తోచలేదు. వాళ్ళ వైపు బేనీషా మామిడి అంతా అంట్లే. ఏనాటిదో ఒక చెట్టు కొమ్మ వేల తోటలై నిలబడి ఉంది, అందరూ తింటున్నది ఆ ఒక్క చెట్టు కాయలే. చెట్టుకు చేసింది ఒంటెకు చేస్తే తప్పేముంది అనుకున్నాడు. పక్కదేశంలో ఒంటె నకలు పుట్టి అప్పటికే పదేళ్ళు దాటింది కూడా. అయితే మామిడికి ఇంకో తల్లి కడుపు అక్కర్లేదు. ఒంటెకు కావాలి. పద్నాలుగు ఆడ ఒంటెల్ని దొడ్డికి తెచ్చారు. వాటికి పేర్లు లేవు, చెవికి నంబర్లే. సూదుల మీద సూదులు. తొమ్మిదింటికి చూలు నిలవలేదు, రెండింటికి నెలలు నిండకుండానే పోయింది. మూడు పిల్లలు పుట్టాయి. ఒకటి లేచి నిలబడలేక రెండో రోజు పోయింది. ఇంకోటి బొడ్డు వాచి, ఊపిరాడక పోయింది. రెండింటినీ చిన్నప్పే గోతిలో పెట్టాడు. రెండింటి మొహాలూ గజాలా మొహమే. చనిపోయిన ఒకే ఒంటెను మళ్ళీ మళ్ళీ పూడ్చడం అతనికి నచ్చలేదు.

మూడోది బతికింది. రూపం అచ్చం అదే, ఎడమ కన్ను కింద మచ్చతో సహా. గుణం మాత్రం ఎక్కడిదో. అందరి జేబులూ నాకేది, వంటవాడి వెనక తిరిగేది, ఎవరు పిలిచినా పరిగెత్తేది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు అర్బాబు వచ్చి చూశాడు. నీళ్ళ ట్యాంకరు నడిపే ఇమామ్ చేతిలోంచి అది ఖర్జూరం తింటోంది.

"ఇది గజాలా కాదు. ముఖం సేమ్, లోపల వేరే," అన్నాడు ఆయన హిందీలో. "ఇంకో ఏడాది చూద్దాం. ఇలాగే ఉంటే ల్యాబుకు పంపేయండి. ఆ పద్నాలుగూ ఇప్పుడు అక్కడే ఉన్నాయి, వాటితో పాటు ఉంటుంది."

ఆ పద్నాలుగింటి బతుకు చిన్నప్పకు తెలుసు. అందుకే ఆ పని చేశాడు. ఖర్జూరాలకు కలబంద రసం పూసి ఇమామ్ చేత, వంటవాడి చేత, అందరి చేతా దానికి తినిపించాడు. తన చేతిలో మాత్రం తీపి. నాలుకతో టక్కుమంటే వంగడం నేర్పాడు. ఆరు నెలలకు ఆ పిల్ల జేబులు నాకడం మానేసింది, మనుషుల్ని చూస్తే మెడ తిప్పుకునేది. అర్బాబు మళ్ళీ వచ్చి, బుట్ట చేత్తో పట్టుకుని గంట నిలబడ్డాడు. అది ముట్టలేదు. ఆయన కళ్ళు తడిశాయి. "గజాలా," అన్నాడు.

పోయినేడు పంటి వాపుతో చిన్నప్ప రెండు రోజులు ఆసుపత్రిలో పడుంటే అది గడ్డిపోచ ముట్టలేదు. అర్బాబు ఆ కబురు నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు.

నెలకోసారి ప్రయోగశాల నుంచి డాక్టర్ ఇంద్రజ వస్తుంది. హైదరాబాదావిడ, నెమ్మదస్తురాలు. గజాలాకు నెత్తురు తీసి, మోకాళ్ళు నొక్కి చూసి వెళుతుంది. ఈసారి వచ్చినప్పుడు, నేర్పింది తనే అయినా, చిన్నప్ప అడిగాడు.

"డాక్టరమ్మా, ఇది నా చేత తప్ప తినదే, అదీ నకల్లోనే వచ్చిందా?"

"లేదన్నా. రూపం వస్తది, జబ్బులు కూడా రావచ్చు. అలవాటు రాదు. అది పెంచినోళ్ళది." ఆవిడ సూది పెట్టెలో పెట్టింది. "మా రిపోర్టుల రాసినం. ఆయన చదవలే."

"మనుషులకూ జేస్తారామ్మా ఇట్ల?"

"చేయొద్దని చాలా దేశాల్ల చట్టాలున్నయి."

"చట్టం మాట గాదు. చేతనయితాదా అని."

ఆవిడ గజాలా మోకాలు నొక్కి చూసింది. "అర్బాబు కూడా గదే అడిగిండు. వాళ్ళ నాయన గురించి."

"మీరేం జెప్పినారు?"

"పుట్టే పిల్లోడు మీ నాయన కాడు సార్, మీ నాయన లెక్క బతకమని మీరు వాని వెంట పడతరు, అన్న. కోపమొచ్చింది ఆయనకు."

మరునాడు శుక్రవారం. ఇమామ్ ట్యాంకరులో ఆంజనమ్మ దొడ్డికి వచ్చింది. కంచె అవతల నిలబడి గజాలాను ఎగాదిగా చూసింది.

"ఇదేనా నా సవితి," అంది.

ఇమామ్ నవ్వాడు. చిన్నప్ప నవ్వలేదు.

"నేను పోతే ఇది తినదు. తినకపోతే సచ్చిపోతాది. ఇంకొకరి చేత తిన్నిందనుకో, ఇది గజాలా కాదని ల్యాబుకు తోలేస్తాడు."

"నువ్వే గదయ్యా నేర్పింది."

"బతికించాలనే గదే నేర్పింది."

"అన్నీ నేర్పినావు. నువ్వు లేకుండా ఉండేది నేర్పలేదు." ఆమె కొంగు బిగించుకుంది. "నాకు మాత్రం తొమ్మిదేండ్లుగా బాగా నేర్పినావులే."

ఆ మాట అతన్ని ఆ రోజంతా పొడిచింది. సాయంత్రానికి ఓ ఉపాయం తట్టింది. మర్నాడు పొద్దున్నే ఇమామ్‌ను పిలిచాడు. ఇమామ్ లక్కిరెడ్డిపల్లె మనిషి, నలభై దాటాయి, భార్య రెహానా ఊళ్ళో ఉంది. వచ్చే రంజానుకు వెళ్ళిపోతానని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు.

"ఒరే ఇమామూ, రొండు నెల్లు సెలవు బోతాండా. నా చొక్కా ఏసుకోని, తలకు నా గుడ్డ సుట్టుకోని, నా మాదిరి టక్కుమను. నువ్వే నేనని అదనుకోవాల. అర్బాబు చూసినా, గజాలాకు చిన్నప్ప వాసన కావాల, అది మారలేదు అనుకుంటాడు."

"రొండు నెల్లే గదన్నా, దానికేమి," అన్నాడు ఇమామ్. చొక్కా తీసుకుని మూతి ముడిచాడు. "ఇది ఉతికి ఎన్ని దినాలాయ?"

"ఉతికితే ఏం లాభంరా."

మొదటి రెండు రోజులు గజాలా మెడ తిప్పుకుంది. చేదు మరిచిపోలేదు. మూడో రోజు చొక్కా వాసన చూసింది, నడక చూసి తటపటాయించింది. చిన్నప్ప గాలివాలుకు దూరంగా గడ్డిమోపుల చాటున కూర్చుని, కాలు ఎలా వేయాలో చేతి సైగలతో చెబుతున్నాడు. ఇమామ్ నేర్పరి. ఎడమకాలు కొంచెం ఈడ్చడం, బుట్ట తుంటికి ఆనించుకోవడం, మేత కలుపుతూ దగ్గడం కూడా పట్టేశాడు. అయిదో రోజు ఉదయం నాలుకతో టక్కుమనిపించాడు. గజాలా వచ్చింది, మోకాళ్ళు వంచింది, బుట్టలో మూతి పెట్టింది.

గడ్డిమోపుల చాటునుంచి చిన్నప్పకు తన వీపే కనిపించింది. పదకొండేళ్ళు తను ఎలా ఉన్నాడో అతనెప్పుడూ చూసుకోలేదు. కొంచెం వంగిన భుజాలు, మాసిన గుడ్డ, ఎవరి వైపూ తిరగని తల.

"జూసినావా అన్నా," అన్నాడు ఇమామ్ గొంతు తగ్గించి. "నువ్వు వచ్చినాక నన్ను మరిచిపోతాదా ఇది? రంజానుకు నేను బోవాల."

చిన్నప్ప లేచి కంచె దగ్గరికి వెళ్ళాడు. గజాలా తల ఎత్తి ఇద్దరినీ చూసింది, ఎవరి దగ్గర నిలబడాలో తెలియనట్టు.

"నేను రాన్రా."

"యాడికి?"

"మళ్ళా ఈడికి రాను. రొండు నెల్లని నీకు అబద్దం జెప్పినా. నేను బోతే ఇంక నీ పని ఇదే. ఇది బతికినన్నాళ్ళు."

ఇమామ్ బుట్టలో మిగిలిన మేత కలియబెట్టాడు. తర్వాత చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, కంచె మీద పెట్టాడు. తల గుడ్డ దాని మీద పెట్టాడు.

"తిట్టాలని ఉండాది," అన్నాడు. "చెప్పినావు గాబట్టి తిట్టను. రెహానాకు యేం జెప్పల్ల నేను, ఒంటెకు నా చెయ్యి అలవాటయిందనా?"

"నిజమేరా."

"అర్బాబుతో నిజం జెప్పు పో. నువ్వు నేర్పిందే అని చెప్పు."

చెప్పాడు. ఆ మధ్యాహ్నం అర్బాబు కారు దిగీ దిగకముందే, వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, కలబంద దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత చిన్నప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంటికి వెళ్ళాలని ఉంది నీకు. అర్థమైంది. వెళ్ళు, మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు. దాని కోసం ఇంత కథ ఎందుకు?" అని గజాలా వైపు తిరిగి చేయి చాపాడు. అది మెడ తిప్పుకుంది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. "చూడు. నువ్వు నేర్పావట. ఇది పుట్టకముందే దీనికి నువ్వు తెలుసు." కారెక్కుతూ ఇంకో మాట అన్నాడు: "ల్యాబులో ఇంకో నాలుగు పిల్లలకు చెప్పాను. చలికాలానికి పుడతాయి."

శుక్రవారం మధ్యాహ్నం చిన్నప్ప ఫోన్ చెవికి ఆనించుకుని కంచె దగ్గర నిలబడ్డాడు. ఒంటి మీద ఆ చొక్కాయే ఉంది.

"ఎక్కినావా?"

"ఎక్కినా."

"కిటికీ పక్కనేనా?"

"ఊఁ. నీ సీటులో సంచి పెట్టుకున్నా. ఎవరూ రాలేదు." ఆంజనమ్మ వెనక ఎవరో బెల్టులు పెట్టుకోమంటున్నారు. "తిన్నిందా అది?"

"ఇంకా లేదు. ఇప్పుడే పెట్టల్ల."

"పెట్టుపో అయితే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.