ఎడమ పక్క చుక్క

ఈ ఆదివారం మధ్యాన్నం వసారాలో కూచోని చెనక్కాయలు ఒలస్తా ఉంటే, నా కొడుకు తన పెద్ద ఫోన్లో ఒక ఆట పెట్టినాడు. చూస్తే అది మా ఆయన పాత బటన్ల ఫోన్లో ఆడిన ఆటే. అద్దం నిండా ఆ పాత ఫోను బొమ్మ, కింద బటన్ల బొమ్మలు, నడుమ ఆకుపచ్చ వెలుతురులో నల్లగా పాకే గీత. ఫోన్లు మార్చుకుంటా మార్చుకుంటా పోయి, చివరికి కొత్తదాంట్లో పాతదాని బొమ్మ పెట్టుకోని ఆడే మనుషుల్ని ఏమనాలో నాకు తెలీదు. అసలుదాన్ని నేను పారెయ్యకుండా బియ్యం డబ్బాలో దాచే ఉండాను. అడిగింటే ఇచ్చేదాన్ని.

దాన్ని మా ఇంట్లో పాము ఆట అనేవాళ్ళం కాదు. దీపాలు పెట్టే యాళకు ఆ పేరెత్తకూడదు, పురుగు అనాల అనేది మా అత్త. మా ఆయన ఆడేది సరిగ్గా ఆ యాళకే, చెరుకు ట్రాక్టరు ఫ్యాక్టరీకి తోలి వచ్చి, కాళ్ళు కడుక్కోని. అందుకని అది పురుగాట అయింది. చుక్క తినేకొద్దీ పురుగు పొడుగవుతుంది, గోడకు తగిలితే చస్తుంది. మూడో తరగతితో బడి మానేసిన నాక్కూడా తెలిసే ఆట. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆయన భుజం మీదుగా చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఒకటి గమనించినాను. చుక్క ఎడమ పక్క పడితే మాత్రం ఆయన పురుగును ఊరకే తిప్పతా ఉండేవాడు.

“చుక్క యాడ పోయిందే?”

“ముందర పెట్టుకోని ఊరంతా ఎతకతావు. ఆడే ఉండాది కదా.”

“నీవి గద్ద కండ్లేనే” అని నవ్వేవాడు.

నేనూ నవ్వినాను. ట్రాక్టరు ఎడమ పక్క రెండు తూర్లు గేటు రాతికి గీసుకుంటే, తాగినావా అని తిట్టినాను గానీ, అదీ ఇదీ ఒకటేనని నాకు తట్టలేదు. ఒక పొద్దు పూతలపట్టు కూడలిలో ఎడమ పక్కనుంచి సైకిల్లో వచ్చిన మనిషి ఆయనకు కనపడనే లేదు. ట్రాక్టరు కింద పడి ఆ మనిషి కాలు పోయింది. తరవాతే తిరుపతిలో కంటాసుపత్రికి పోయినాము. నీటికాసులు అనింది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, పక్కలనుంచి చూపును తినేస్తా వస్తుందంట. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చు అనింది. తండ్రికుంటే బిడ్డలకూ రావచ్చు, నీ కొడుకును ఏటేటా తీసుకోని రామ్మా అని గూడా చెప్పింది. బాగుండే కండ్లకు బస్సు చార్జీలు దండగని నేను తీసకపోలేదు. మా ఆయన ఆఖరి ఏండ్లంతా గోడ పట్టుకోనే నడిచినాడు.

ఈ ఆదివారం నా మనవరాలు వాళ్ళ నాయన పక్కనే కూచోని ఆట చూస్తా ఉండాది. “చుక్క రాలేదేందబ్బా, ఫోను నిలిచిపోయినట్టుండాది” అన్నాడు నా కొడుకు.

“ఈడే ఉండాది కదా నాయనా, ఎడం పక్క” అని ఆ బిడ్డ వేలు పెట్టి చూపించి నవ్వింది. “నీకంటే అవ్వ నయం.”

చేతిలో చెనక్కాయ చేతిలోనే నిలిచిపోయింది. లేచి పోయి వాని ముందర నిలబడి, వాని ఎడమ పక్కకు చెయ్యి చాపినాను. “నా మొగమే చూడు, తల తిప్పొద్దు. ఎన్ని వేళ్ళు?”

“ముందు చెయ్యెత్తు మా, చెప్తా” అన్నాడు.

మనవరాలు నవ్వడం మానేసింది. వాడు దినామూ తోలేది బడి పిలకాయల వ్యాను. మేకుకు ఉండే వ్యాను తాళం తీసి నా రొంటిన దోపుకున్నాను.

“రేపు పిలకాయలు బడికెట్ల పోతారు?” అన్నాడు నా కొడుకు.

“ఇంకొకరు తోలతారు. నువ్వు నాతో తిరుపతికి వస్తావు.”

“ఆటలో చుక్క కనపడలేదని వ్యాను నిలిపేస్తారా మా?”

“నిలిపేస్తారు.”

వాడు ఫోను పక్కన పెట్టి, ఎడమ చెయ్యి బారుగా చాపి, కొంచెం కొంచెంగా ముందుకు తెచ్చుకుంటా, అది యాడ కనపడతాదో తానే చూసుకున్నాడు. చానా సేపు పట్టింది. డాక్టరమ్మ చెప్పి పదహైదేండ్లు దాటింది. అన్నేండ్లూ నా ఇంట్లోనే, నా ముందరనే, చప్పుడు లేకుండా గడిచినాయి. పోతా పోతా అవి వాని కంట్లోనుంచి ఎంత తీసకపోయినాయో రేపు గానీ తెలీదు.