కొత్త జాయింట్లు వేసినా వినిపించిన చప్పుడు

ఈ రోజు పొద్దున్న గుడివాడలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో మా ఆవిడ సుజాత స్టీరింగు పూర్తిగా తిప్పి కారును మెల్లగా గుండ్రంగా నడిపింది. నేను పక్కనే నడుస్తూ విన్నాను. ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది. కిందికి దూరి చూస్తే ముందు చక్రాలను తిప్పే ఇరుసుల చివరనుండే సీవీ జాయింట్ల రబ్బరు తొడుగులు చిరిగి, గ్రీజంతా కారిపోయింది.

కారు సుజాత వాళ్ల అన్నయ్యది. కిందటేడు ఆయన పోయాక వాళ్ల వదిన మాకిచ్చేసింది.

మధ్యాహ్నమంతా కుస్తీ పట్టి రెండు వైపులా కొత్త జాయింట్లు వేశాను. సాయంత్రం సుజాత మళ్లీ నడిపింది. చప్పుడు పోయింది. తను మాత్రం కారు ఆపేసింది.

"ఇంకా వస్తోందండీ. అన్నయ్య అవనిగడ్డ నుంచి వచ్చి మన సందు తిరిగేటప్పుడు ఇలాగే వినపడేది."

"నాకేం వినపడలేదే!"

"ఇంకొక్కసారి తిప్పుతాను, సరిగ్గా వినండి."

ఈసారి నాకూ వినపడింది. జాకీతో కారు ఎత్తి చూస్తే అంతా బిగుతుగానే ఉంది.

"విన్నారా?" అంది సుజాత. విన్నానన్నాను. ఓదార్చడానికి కాదు, నిజంగానే విన్నాను.

మీలో మెకానిక్కులెవరైనా ఉంటే కారణం చెప్పండి. పోగొట్టే మార్గం మాత్రం చెప్పకండి.