వేపమానులో మేకు

నేను నాలుగో తరగతి దాటలేదు. అయినా మా ఊరికి రెండుసార్లు సర్పంచ్‌నయ్యాను. కోటగిరి రోడ్డు నుంచి ఊళ్లోకి వచ్చే బాటకు మొరం పోయించింది నేనే. మా ఊళ్లో ఎకరాకు నలభై టన్నుల చెరకు తీసి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్లు తోలిన మొదటి రైతును కూడా నేనే. బడికి రెండు గదులు కట్టించాను. గోడలోని రాతిపలక మీద నా పేరుంది. లింబయ్య పేరు లేదు. ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన సంగతి రాయవలసింది నేనే.

లింబయ్య, ఆయన తమ్ముడు ఎర్రన్న జోడీగా దుంగలు కోసేవారు. గుంట మీద దుంగను అడ్డంగా పెట్టి, పైన ఎర్రన్న, కింద లింబయ్య రంపం లాగేవారు. కింద ఉన్నవాడి నెత్తిన రోజంతా పొట్టు రాలుతుంది. "తమ్ముడు శిన్నోడు, ఆని కండ్లు మంచిగుండాలె" అని లింబయ్య ఎన్నడూ పైకెక్కలేదు.

1958లో మా ఇంటికి ఒక రంపం కొనాలనుకున్నాను. బెల్లం పొయ్యిలోకి తుమ్మకొమ్మలు కోయడానికి ప్రతిసారీ మనిషి కోసం కబురు పెట్టడం నాకు నచ్చదు. లింబయ్యను వెంటబెట్టుకుని నిజామాబాద్ పోయాను. ఆత్మారాం ఇనుప సామాన్ల దుకాణంలో అన్నిటికన్నా పొడుగుది పట్టుకున్నాను.

"గది మా అసోంటోళ్లకు పటేలా. మీ జీతగాడు దాంతోని కొమ్మ కోస్తడా, కాలు కోసుకుంటడా?" అన్నాడు లింబయ్య.

మూడడుగుల రంపం ఒకటి తీసి విల్లులా వంచి వదిలాడు. అది ఏమాత్రం వంకర లేకుండా నిలిచింది. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోటి తీశాడు. మళ్లీ మొదటిదే తీశాడు.

"పెండ్లిసూపులల్ల గూడ ఇంతసేపు సూడరన్నా!" అన్నాడు ఆత్మారాం.

"పిల్ల అలిగితే తల్లిగారింటికి పోతది. గిది అలిగితే పండ్లు పోతయి, వేళ్లు పోతయి" అని లింబయ్య నా చేతిలో పెట్టాడు.

అది మొదలు ఏటా దసరాకు ముందురోజు వచ్చి మా రంపానికి పదును పెట్టేవాడు. ఆకురాయిని ముందుకే తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. ప్రతి పంటికీ ఒకే లెక్క రుద్దులు. పచ్చికట్టె కోస్తే జిగురును కిరసనాయిలుతో తుడిచి, ఆముదం రాసి, గోడకు తగిలించాలి. ఆ పని నేను రెండేళ్లలో నేర్చుకున్నాను. నా చేతిలో ఆ రంపానికి ఒక్కరోజు తుప్పు పట్టలేదు.

1963లో బడికప్పు దూలాలకు మా వాకిట్లోని వేపచెట్టు ఇస్తానని పంచాయతీలో ప్రకటించాను. ఆ చెట్టులో ఒక మేకుంది. అంతకు నాలుగేళ్ల ముందు మా రెండో బిడ్డ పుట్టుకలోనే పోయినప్పుడు నా భార్య రేణుకమ్మ తనలో తాను మాట్లాడుకునేది. గాలి సోకిందని, దాన్ని చెట్టుకు కట్టెయ్యాలని మా అవ్వ హన్మవ్వ మేకు కొట్టించింది. దయ్యాలు లేవని రచ్చకట్ట మీద ఉపన్యాసాలు చెప్పే నేను, ఆ రోజు మేకు పట్టుకుని నిలబడ్డాను. తరువాత దాని మీద బెరడు మూసుకుంది.

లింబయ్యకు ఒక కట్టడి ఉండేది. చెట్టు చుట్టూ తిరిగి బెరడు తడిమి చూసేవాడు. ఆ తరువాత ఇంటి యజమాని మాను మీద చెయ్యి పెట్టి, లోపల ఇనుము లేదని చెప్పాలి. చెట్టు కొట్టే రోజు సగం ఊరు మా వాకిట్లో ఉంది.

"పటేలా, చెయ్యి పెట్టి చెప్పు. మేకు గిట్ల ఏమన్న ఉన్నదా?"

"దయ్యాలకు భయపడే ఇల్లు కాదు లింబన్నా ఇది. మేకెక్కడిది?" అన్నాను, మాను మీద చెయ్యి పెట్టి.

అందరూ నవ్వారు. లింబయ్య కూడా నవ్వాడు. తలుపు దగ్గర అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేకు ఛాతీ ఎత్తులో ఉంది, దూలాలు పైభాగంలోంచి వస్తాయి కదా అని లెక్క వేసుకున్నాను. కాని పొడవు చాలలేదు. మేకున్న మొదలు దుంగ కూడా గుంట మీదికి ఎక్కింది. నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడైనా చెప్పలేదు. మూడో రోజు పొద్దున రంపం కీచుమంది. పన్ను విరిగి, ఆ ముక్క కింద ఉన్న లింబయ్య ఎడమకంట్లో దిగింది.

నా బండిలోనే నిజామాబాద్ తీసుకుపోయాను. కన్ను దక్కలేదు. ఏడాదిలో రెండోది కూడా మసకబారింది. ఎర్రన్న ఒంటరివాడై చెరకు నరికే ముఠాలో చేరాడు. కట్టెలోంచి పీకిన మేకు తెచ్చి నాకు చూపించి, "ఎవలు కొట్టిండ్రో పటేలా" అన్నాడు.

"తాతల కాలంది కావచ్చు" అన్నాను.

ఆ దసరాకు కూడా లింబయ్య వచ్చాడు. వేలితో ఒక్కో పన్ను తడుముతూ పదును పెట్టాడు. ఆ తరువాత పన్నెండేళ్లు అట్లాగే వచ్చాడు. ఏటా ఈసారి చెప్పాలనుకునేవాణ్ణి. ఆయన పని ముగించి, బియ్యం కండువా కొంగున కట్టుకుని, కర్ర తాటించుకుంటూ పోయేవాడు.

1974లో నిజామాబాద్ కట్టెల అడితిలో పెట్రోలుతో నడిచే గొలుసు రంపం చూశాను. ఇంటికి అటువంటిది తెద్దామా అని ఆయన్నే అడిగాను.

లింబయ్య వేలు పంటి మీద ఆగింది. "కొనుక్కో పటేలా. గని, మేకున్నదా అని గది అడగదు. నువ్వే సూసుకోవాలె."

నేను కొనలేదు.

దినాల నాడు ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య సాయవ్వ చుట్టాల ముందు అంది: "గా చెట్టు పటేల్‌దే గద, ఆయనకెరుక లేదా అని ఊరోళ్లు అడిగేటోళ్లు. ఎరుకుంటే చెప్పకపోవునా, మాను మీద చెయ్యి పెట్టిండు గద అని ఈయన కొట్లాడేటోడు."

నేను తల వంచుకుని బువ్వ తిని వచ్చాను.

ఇక్కడిదాకా రాసి, నిన్న సాయవ్వ ఇంటికి పోయి మొత్తం చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. అయిపోయాక చాట పక్కన పెట్టింది.

"గిది ఆయనున్నప్పుడు సదివితే కాకపోవునా పటేలా" అని లేచి లోపలికి పోయింది.

మళ్లీ బయటికి రాలేదు. కాగితాలు పట్టుకుని గడప బయట చాలాసేపు నిలబడ్డాను.