గౌను చూపించి వెతికిన మొహం

కొత్తగూడెం బస్టాండు ఎదురు సందులో ఎబినేజర్ అని అడిగితే ఎవరూ చప్పున చెప్పరు. కళ్లు తెరిపించే ఫొటో ఆయన అంటే మాత్రం ఆటోవాళ్లు కూడా దారి చూపిస్తారు. ఇదేదో స్వస్థత కూటాల్లో జరిగే అద్భుతం అనుకునేరు, అదేం కాదు. ఈ చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో బతికున్న మనిషికి ఫొటో దిగాలన్న ధ్యాస ఎక్కడుంటుంది? మనిషి పోయాకే ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తట్టి, పరుగు పరుగున వచ్చి ఎబినేజర్‌ను బండెక్కించుకు పోతారు. పోయినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, తల వాలకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుంటారు. ఎబినేజర్ ఫొటో తీసుకుని స్టూడియోకు వచ్చి, ఇంకెవరి ఫొటోలోంచో రెండు కళ్లు తెచ్చి ఆ మూసిన రెప్పల మీద అతికిస్తాడు. దండ తీసేసి కోటు తొడుగుతాడు, వెనకాల గులాబీ తోట పెడతాడు. ఇంటివాళ్లు ఆ పటం చూసి అచ్చం నాయినే అని బావురుమంటారు. ఆ కళ్లు ముదిగొండ ఎరువుల దుకాణంలో గుమస్తావని వాళ్లకేం తెలుసు!

మనిషి మంచివాడే. కాకపోతే గొప్పలు ఎక్కువ. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి దగ్గుతో పోయాడు. కొడుకు బావిలోకి దిగనని మొండికేసి తల్లాడలో ఒక స్టూడియో యజమాని దగ్గర చేరాడు. చీకటి గదిలో నెగెటివ్‌లు కడుగుతూ మీసాలు మొలిపించుకున్నాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక తోటి ఫొటోగ్రాఫర్లు వీధిన పడ్డారు గాని, ఎబినేజర్ మాత్రం పట్టుదలగా కంప్యూటర్ నేర్చుకున్నాడు. స్టూడియోకు కూతురి పేరే పెట్టి "స్తుతి డిజిటల్స్" అని బోర్డు రాయించాడు. తన చేతిలో పడ్డాక బాగుపడని ఫొటో లేదని చర్చి మెట్ల మీద నిలబడి చెప్పేవాడు. భార్య హెప్సిబా పక్కనే నిలబడి, తమ పెళ్లినాడు ఈయనే కెమెరా సర్ది తీసిన ఫొటోలో తన తల సగం తెగిన సంగతి కూడా చెప్పమనేది.

రెండువేల ఎనిమిదిలో తొలకరి పిడుగు ఒకటి కరెంటు తీగల్లోంచి వచ్చి ఆయన కంప్యూటర్ డిస్కును మాడ్చేసింది. ఎబినేజర్ దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కాడు. అక్కడ ఒక రిపేరు దుకాణంలో ఎలాగో బతికించారు. ఫొటోలైతే వెనక్కొచ్చాయి గాని వాటి పేర్లు పోయాయి. ఊరు, పెళ్లివారి ఇంటిపేరు, తేదీ వేసుకుని ముచ్చటగా సర్దుకున్న అరలన్నీ కూలిపోయి, వేల ఫొటోలు ఉత్త నంబర్లతో ఒకే కుప్పగా పడ్డాయి. పెళ్లికూతురి పక్కన పీనుగ, పీనుగ పక్కన పాస్‌పోర్టు సైజు, దాని పక్కన క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి. ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. దాని వెతుకుడు గడిలో ఏ ఊరి పేరు కొట్టినా ఏమీ దొరకలేదనేది. పేర్లే లేని కుప్పలో పేరు పెట్టి వెతకమంటే అది మాత్రం ఏం చేస్తుంది, పాపం.

సక్రి వచ్చింది ఇలాంటి సమయంలోనే, దసరా వెళ్లాక. ఆమెది అడవి అంచున తండా. భర్త దేవ్‌సింగ్ కూడా వచ్చాడు గాని స్టూడియో గడప ఎక్కలేదు. రోడ్డవతల చాయ హోటల్ బల్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. కూర్చోమంటే కుర్చీ వద్దని కింద కూర్చుంది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, సంగీత. ఆరేళ్లది. వానల్లో జ్వరం పట్టుకుంది, మలేరియా మెదడుకెక్కింది. దవాఖానాకు తీసుకుపోదామంటే వాగు పొంగి ఆటో ఒడ్డునే ఆగిపోయింది. నీళ్లు తీసేదాకా పిల్ల ఆగలేదు. కుండపోత వానలోనే ఆ సాయంత్రం మట్టి చేశారు. ఫొటో అన్న మాట ఎవరి నోటా రాలేదు, వచ్చినా వాగు దాటి పిలిచేదెవరు? కళ్లు తెరిపించుకోవడానికి మూసిన కళ్ల ఫొటో కూడా లేదు.

ఇదంతా ఆమె ఏడవకుండానే చెప్పింది. ఎండాకాలంలో తండాలో రూప్లా కొడుకు పెళ్లయింది, ఫొటోలు తీసింది ఎబినేజరే. ఆ పొద్దంతా సంగీత ఆయన వెంటే తిరిగిందట. రూప్లా ఇంటికి పోయి ఆల్బం మొత్తం తిరగేశాను, అందులో లేదు, కానీ నీ మిషన్‌లో ఉంటుంది కదా అని ఆమె ఆశ. ఆశ తప్పు కాదు. ఆల్బంలోకి ఎక్కేవి బాగా వచ్చినవే. మిగతావి కూడా ఎబినేజర్ కంప్యూటర్లోనే ఉంచుకుంటాడు.

"కండ్లు మూస్తే గౌను కనవడ్తది అన్నా, మొకం కనవడ్తలేదు," అంది సక్రి. "దినాం జరంత పోతాంది."

ఎబినేజర్, దొరుకుతది చెల్లె, నేను వెతికి ఇస్త కదా అని మాటిచ్చేశాడు. పెద్ద మొనగాడు మరి! నంబర్ల కుప్ప సంగతి ఆమెకు చెప్పనైనా చెప్పలేదు.

వెతకడం మొదలుపెట్టాక గాని తన మాట ఎంత బరువో తెలిసిరాలేదు. తెర మీద గోరంత బొమ్మలు వరసలు వరసలుగా పైకి పోతుంటే ఆయన కళ్లు నీళ్లు కారేవి. సగంలో కరెంటు పోయేది. వచ్చాక ఎక్కడ ఆపాడో గుర్తుండేది కాదు, మళ్లీ మొదటికి. తండా పెళ్లిళ్లు ఎన్ని తీశాడో! అన్ని పందిళ్లూ ఒకలాగే, అందరు ఆడవాళ్లూ అద్దాల రవికల్లో ఒకలాగే కనిపించసాగారు. సక్రి సంతకు వచ్చినప్పుడల్లా స్టూడియో ముందు నిలబడేది. ఏమీ అడగదు. అడిగితే ఒక తిట్టయినా తిని పంపేవాడు గాని, ఆ నిలబడడం చూస్తే ఆయనకు అన్నం సహించేది కాదు.

పక్క గదిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే కవిత ఈ యాతన చూడలేకపోయింది. ఆమె నాలుగు రోజులు ఎక్కడెక్కడో వెతికి ఒక ప్లగిన్ దింపుకొచ్చింది. ప్లగిన్ అంటే ఉన్న సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు ముక్క. మీ సాఫ్ట్‌వేర్‌కు చదవడమే వచ్చు అంకుల్, చూడడం రాదు, ఇది తగిలిస్తే చూస్తది అని చెప్పింది. ఒక ఫొటో చూపిస్తే దాన్ని పోలిన ఫొటోలన్నీ కుప్పలోంచి ఏరి ముందు పెడుతుందట. కాకపోతే దానికి మనుషులు తెలియరు, రంగులూ ఆకారాలే తెలుసని కూడా హెచ్చరించింది. ఎబినేజర్‌కు రెండో మాట చెవికెక్కలేదు.

తగిలించారు. ముందుగా అది ఉన్న ఫొటోలన్నిటినీ ఒకసారి చూసుకోవాలట. చూడడానికి రోజులు పట్టాయి. కరెంటు పోతే ఎక్కడి పని అక్కడ ఆగేది. హెప్సిబా ఆదివారం ప్రార్థనలో ఆ కంప్యూటర్‌ను కూడా కలుపుకుంది.

తీరా అన్నీ అయ్యాక అసలు చిక్కు బయటపడింది. పోలిక వెతకాలంటే ముందు ఒక ఫొటో చూపించాలి. పిల్ల ఫొటో కోసమే వెతుకుతుంటే చూపించడానికి పిల్ల ఫొటో ఎక్కడిది? కవిత తల పట్టుకుంది. ఆ రోజు సంత. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న సక్రి లోపలికి వచ్చి, ప్రతిసారీ తెచ్చి తిరిగి తీసుకుపోతున్న ఆ సంచిలోంచి ఒక గౌను తీసింది. చిలకపచ్చ రంగు. మెడ చుట్టూ అమ్మమ్మ కుట్టిన అద్దాలు, అంచుకు ఎర్ర పట్టీ. రూప్లా కొడుకు పెళ్లిలో పిల్ల వేసుకున్నది ఇదే.

ఎబినేజర్‌కు ఎక్కడ లేని హుషారు వచ్చింది. కోటు తగిలించే హ్యాంగరుకు గౌను తగిలించి, నీలం పరదా ముందు వేలాడదీసి, లైట్లన్నీ వేసి ఫొటో తీశాడు. ప్లగిన్‌కు చూపించాడు. కాసేపు గుర్రుమని, వందల ఫొటోలు తెర నిండా వచ్చి పడ్డాయి. అన్నీ ఆ నీలం పరదా ముందు దిగిన పాస్‌పోర్టు ఫొటోలే. మీసాలవాళ్లు, సర్కారు కొలువులకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు, డ్రైవర్లు. దాని కంటికి గౌను ఆనలేదు, పరదా ఆనింది. సక్రికి అదేం తెలుస్తుంది? ఒక్కో మీసాల మొహాన్నీ వదలకుండా చూస్తూ కూర్చుంది. అది చూసి కవిత లేచి బయటికి వెళ్లి కాసేపటికి గాని రాలేదు.

మళ్లీ ప్రయత్నించారు. ఈసారి పరదా అంతా కత్తిరించేసి గౌను ముక్క ఒక్కటే మిగిల్చారు. వరిమళ్లు వచ్చాయి. పచ్చ చీరల పెళ్లికూతుళ్లు వచ్చారు. అరటి ఆకులు కట్టిన గుమ్మాలు వచ్చాయి. వాటి మధ్య ఒక పందిరి, పందిట్లో పెళ్లికొడుకు, ఫొటో కొసన చిలకపచ్చ రంగు మరక.

"గదే," అంది సక్రి. కూర్చున్నది లేచి నిలబడింది.

ఎబినేజర్ పెద్దది చేశాడు. గౌనే. కాని పిల్ల అటు తిరిగి ఉంది. ఎర్ర రిబ్బను కట్టిన జడ మాత్రం కనిపించింది. తర్వాతి ఫొటోలో ఎవరిదో భుజం వెనక నుంచి ఒక మోచెయ్యి. ఆ తర్వాతి దాంట్లో అద్దాల అంచు, రెండు పాదాలు. సక్రి ఆ పాదాలను తెర మీద వేలితో ముట్టుకుంది. ఇంకా ఉన్నయి కద అన్నా, జల్దీ చూపియ్ అని తొందరపెట్టింది. ఆమె మొహంలో ఇన్నాళ్లూ లేని వెలుగు చూసి ఎబినేజర్‌కు భయం వేసింది.

భయానికి కారణం ఉంది. ఆయనకు ఆ పెళ్లి ఇప్పుడు పూర్తిగా గుర్తుకొచ్చింది. నెత్తి మాడే ఎండ. జంటను నిలబెట్టి కెమెరా ఎత్తిన ప్రతిసారీ ఒక పిల్ల వచ్చి మధ్యలో నిలబడేది. పో అంటే పోయి, రెండో వైపు నుంచి వచ్చేది. కసిరితే నవ్వేది. ఫొటో దిగాలని దాని సరదా, ఫొటో పాడవుతుందని ఈయన చిరాకు. పెళ్లిళ్లలో ఏ ఫొటోగ్రాఫర్ అయినా చేసే పనే. ఎవరిని అడిగినా తప్పనరు. తప్పు కానిదానికి ఇంత గుబులెందుకో ఆయనకు అర్థం కాలేదు. మౌస్ నొక్కాడు.

చివరి ఫొటో వచ్చింది. అందులో పెళ్లికొడుకు లేడు, పందిరీ లేదు. సంగీత ఒక్కతే, కెమెరాకు ఎదురుగా, దగ్గరగా, నిటారుగా నిలబడి ఉంది. గౌను మీద అద్దాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మెడ దగ్గర పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. మొహం ఉండాల్సిన చోట మాత్రం వేళ్లు చాచిన పెద్ద అరచెయ్యి, పక్కకు పొమ్మని తోస్తున్న చెయ్యి, మసకగా అడ్డం పడి ఉంది. దాని కింద చిన్న గడ్డం కొన. మణికట్టుకు స్టీలు గొలుసు గడియారం.

ఎబినేజర్ ముందుకు నొక్కాడు. ఇక ఏమీ లేవు. పచ్చ చీరలు, మళ్లీ వరిమళ్లు. వెనక్కి వచ్చాడు. ఎడమ చేతిని బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

సక్రి చాలాసేపు చూసింది. తర్వాత ఆ చెయ్యి తీసెయ్యమని మామూలుగా అడిగింది, దండ తీసెయ్యమని అడిగినట్టు.

వీలుకాదని ఎబినేజర్ చెప్పాడు. ఆమెకు నమ్మకం కలగలేదు. చచ్చినోళ్ల కళ్లు తెరిపించేవాడికి చెయ్యి తీయడం ఒక లెక్కా అని ఆమె బాధ. అప్పుడు ఆయన ఏ ఇంటివాళ్లకూ ఇన్నేళ్లు చెప్పని మాట ఆమెకు చెప్పాడు. ఆ కళ్లు పోయినవాళ్లవి కావు, ఇంకెవరివో. చెయ్యి తీయాలంటే ఆ జాగాలో ఇంకో పిల్ల మొహం పెట్టాల్సి వస్తుంది.

"ఇంకో పిల్లది ఎందుకన్నా? నా బిడ్డదే కింద ఉంది గద."

కింద ఏమీ లేదని ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఫొటోలో అడుగు పొర ఉండదు. ఆ క్షణం కెమెరా చూసింది చేతినే. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా, దానికి ఎన్ని ప్లగిన్‌లు తగిలించినా, కెమెరా చూడనిదాన్ని చూపించడం దానివల్ల కాదు. ఇదంతా నోట్లోనే ఉండిపోయింది. రోడ్డవతల దేవ్‌సింగ్ లేచి బస్సు వచ్చిందని చెయ్యి ఊపాడు. సక్రి అటు చూడలేదు. ఎబినేజర్ ఒళ్లో ఉన్న చేతిని పైకి తీసి, గడియారం కనిపించేలా బల్ల మీద పెట్టాడు.

"అది నా చెయ్యే చెల్లె," అన్నాడు.

సక్రి ఆయన చేతి వైపు చూసింది, తెర వైపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఎబినేజర్ అనుకున్నాడు.

"ఎరుకే అన్నా," అంది. "నీ చెయ్యే గద. జర తీసెయ్యి."