చెరొక రెక్క

నా చిన్నప్పుడు, మద్రాసు రాజధాని రోజుల్లో, మా నాయనా పెదనాయనా వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, ఇంటికి అడ్డగోడ పెట్టుకున్నారు. గొడ్ల కొట్టానికి మాత్రం నడుమ గోడ కడితే లోపల బండి తిరగదు. అందుకని దాన్ని కలిపే ఉంచి, దాని రెండు రెక్కల తలుపును చెరొక రెక్కగా పంచుకున్నారు. కుడి రెక్క మాది, ఎడమ రెక్క వాళ్ళది. ఎవరి గొడ్లు వాళ్ళ రెక్క వెనక కట్టుకోవాలి. ఇంత తెలివైన పంపకం మీరెక్కడా విని ఉండరు.

ఆ తలుపు అడుగు భాగాన్ని చెదలు తినేశాయి. పుల్లలచెరువు దాటితే మాకు అడవే. ఆ ఏడు చిరుతపులి ఊళ్ళోకి దిగి పక్కింటి మేకను ఈడ్చుకుపోయింది. తలుపు మొత్తం మార్చాలని మా నాయన, అడుగున చెక్క కొడితే చాలని పెదనాయన. ఒకరి మాట ఒకరు వినడమంటే ఇద్దరికీ తల తీసేసినట్టుండేది. చివరకు మా నాయన మార్కాపురం నుంచి టేకు తెప్పించి తన రెక్క ఒక్కటే కొత్తది చేయించాడు. అది మందం ఎక్కువై, లోపల రెండు రెక్కలకూ కలిపి వేసే అడ్డకర్ర పట్టలేదు. గొడ్డు తల ఆనిస్తే చాలు, కొత్త రెక్క తెరుచుకునేది. పెదనాయన పంతానికి తన రెక్కను ముట్టుకోనే లేదు, అడుగున చెదలు తిన్న కంతకు ఇంత ముళ్ళకంప అడ్డం పెట్టి ఊరుకున్నాడు. మా ఎర్రావు దూడంటే నాకు ప్రాణం. ఆ మగవాళ్ళిద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం గొడ్లు మేత నుంచి రాగానే, వాళ్ళిద్దరినీ కన్న మా అవ్వ ఎవరినీ అడక్కుండా వాటిని అటువి ఇటు మార్చి కట్టేసింది. మా ఎద్దులూ ఆవూ దూడా పెదనాయన పుచ్చు రెక్క వెనక్కి పోయాయి. వాళ్ళ బర్రెలు మా కొత్త రెక్క వెనక్కి వచ్చాయి.

"ఏందమ్మా ఇది? ఆ పుచ్చు తలుపు కాడ నా ఎద్దుల్ని కట్టినావా?" అని మా నాయన ఎగిరిపడ్డాడు.

"కట్టినా. పలుపు మీద ఎవడు చెయ్యేసినా నేను కూడు ముట్టను. నీ గొడ్లు గావాలంటే ఆ రెక్క సంగతి నువ్వు చూసుకో. పెద్దోడా, నీ బర్రెలు గావాలంటే ఈ రెక్క సంగతి నువ్వు చూసుకో," అనింది అవ్వ.

పెదనాయన కంపను కాలితో తన్ని, ఉలి తెచ్చి మా టేకు రెక్క చెక్కడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేడు రాలుతుంటే మా నాయన పళ్ళు నూరాడు. నూరుతూనే మిగిలిన టేకు ముక్క తెచ్చి పుచ్చు రెక్క అడుగున మేకులు కొట్టాడు. పెదనాయన మొదట చెప్పిన పని అదే. ఇద్దరూ వీపులు ఆనించుకున్నంత దగ్గరగా పనిచేస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పొద్దు గుంకేలోపు అడ్డకర్ర పట్టింది.

ఆ తర్వాత కూడా వాళ్ళు మాట్లాడుకోలేదు. పెదనాయన పోయిన రోజు మా నాయన పాడె మోసి, ఆ ఇంట్లో మంచినీళ్ళయినా తాగకుండా వచ్చేశాడు.

ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా పాడైతే, బాగుచేయించాలా మార్చాలా అని పిల్లలు కీచులాడుకుంటారు. నేను ఎవరి పక్షమూ పట్టను. అది పనిచెయ్యకపోతే కష్టం ఎవరికో ముందు చెప్పండి అంటాను. మా అవ్వ తన కొడుకులిద్దరినీ కలపలేకపోయింది. దూడను మాత్రం బతికించింది. మనుషులు మారేదాకా ఆగి ఉంటే ఆ దూడ ఏమయ్యేదో, ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు భయమే.